మీట నొక్కినంతనే పాట వినబడునా?

వాల్వులు గల పాత రేడియో పెట్టెలను వాడిన గృహస్థులకు ఒక సంగతి బాగుగా తెలియును. మీట త్రిప్పినంతనే ముందుగా వెలుగునది స్టేషను పలక వెనుకనున్న చిన్న దీపము. స్వరము వినబడుటకు మరికొంత సేపు పట్టును; వాల్వులు వేడెక్కవలెను గదా! దీపము వెలిగినదని ఎవరును “పాట వచ్చుచున్నది” అని అనుకొనలేదు. విద్యుత్తు వచ్చినదని మాత్రమే ఆ దీపము చెప్పును. కొన్ని మేలైన పెట్టెలలో ‘మేజిక్ ఐ’ అను ఆకుపచ్చని కన్ను ఒకటి ఉండెడిది. స్టేషను ఎంత బాగుగా అందిన, ఆ కంటిలోని నీడ అంత సన్నగిల్లెడిది. మనము ముల్లును ఎక్కడ నిలిపితిమో కాక, పెట్టెకు నిజముగా ఏమి అందుచున్నదో ఆ కన్ను చెప్పెడిది.

ఈనాడు రేడియోను చేతిఫోనులోను, కంప్యూటరులోను వెబ్ పేజీ ద్వారా కూడ వినవచ్చును. పెట్టె మారినది, దీపమునకును స్వరమునకును గల భేదము మాత్రము మారలేదు. ఆ భేదమును గమనింపక వ్రాసిన పేజీలు పెక్కు కలవు. వాటిలో “ప్రసారమగుచున్నది” అను అక్షరములు కంటి ఎదుట నిలిచియుండును. చెవికి ఏమియు వినబడదు. ఇట్లేల జరుగునో, జరుగకుండ పేజీని వ్రాయుట ఎట్లో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

వెబ్ పేజీ అనగా బ్రౌజరు చదివి మనకు చూపు పత్రము. అందులో అక్షరములకును, బొమ్మలకును ఉన్నట్లే ధ్వనికిని ఒక చోటు కలదు. దానికి ఆడియో మూలకమని పేరు. కదలు బొమ్మలకైనచో వీడియో మూలకము. పూర్వము పేజీకి ఇట్టి సొంత గొంతు లేదు. ఫ్లాష్ వంటి బయటి ఉపకరణమును తెచ్చి బ్రౌజరునకు తగిలించినగాని పాట పలికెడిది కాదు. 2007లో ఓపెరా బ్రౌజరు సంస్థవారు వీడియోకు పేజీ భాషలోనే చోటుండవలెనని ప్రతిపాదించిరి. 2014 అక్టోబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణములో ఈ రెండు మూలకములును స్థిరపడినవి. ఫ్లాష్‌ను దాని యజమానులైన అడోబీ సంస్థవారే 2020 డిసెంబరు 31తో విరమించిరి.

పేజీలో అందమునకు, అమరికకు సంబంధించిన పని అట్లుండగా, నడక నేర్పునది స్క్రిప్టు. ఇందుకు వాడు జావాస్క్రిప్ట్ భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించెను. ఇచ్చట ఒక విషయమును గుర్తుంచుకొనవలెను. ధ్వనిని నెట్‌వర్కు నుండి తెచ్చునది, విప్పునది, స్పీకరుకు పంపునది సాధారణముగా బ్రౌజరే గాని స్క్రిప్టు కాదు. స్క్రిప్టు ముఖ్యముగా చేయునవి రెండు పనులు. “వినిపింపుము”, “ఆపుము” అని ఆజ్ఞాపించుట ఒకటి. ఏమి జరిగినదో బ్రౌజరు చెప్పగా వినుట రెండవది. ఆజ్ఞ వేరు, ఘటన వేరు. ఈ శాస్త్రమంతయు ఆ రెండు మాటలలో నున్నది.

మా ప్రసారశాలలోని ఏర్పాటును చూచినచో ఇది సులభముగా బోధపడును. స్టూడియోకును, కంట్రోలు రూముకును నడుమ అద్దపు కిటికీ యుండును. అనౌన్సరు కాగితము సర్దుకొని, గొంతు సవరించుకొని, మైకు ముందు సిద్ధముగా కూర్చుండును. కాని పలుకడు. మైకు ప్రసారమార్గమునకు కలిసిన పిమ్మట ఎర్రదీపము వెలుగును. అప్పుడే నోరు విప్పును. అనౌన్సరు “నేను మొదలుపెట్టదలచితిని” అనుకొన్నంత మాత్రమున ఆ దీపము వెలుగదు. వెబ్ పేజీలోని ప్రతి బటనును, ప్రతి సూచనయు ఈ ఎర్రదీపము వలె ప్రవర్తింపవలెను.

బ్రౌజరు పంపు ఈ వార్తలను ఈవెంట్లందురు, మనము ఘటనలందుము. ఘటనకు చెవియొగ్గు ఏర్పాటునకు జావాస్క్రిప్ట్‌లో ‘యాడ్ ఈవెంట్ లిజనర్’ అని పేరు. లిజనర్ అనగా శ్రోత. మేము నిత్యము తలచు మాటయే ఆ భాషలోను వాడుకలో నుండుట మాకు ముచ్చట గొల్పినది. ఈ శ్రోతకు రెండు నియమములు కలవు. కార్యక్రమము మొదలైన తరువాత పెట్టె పెట్టినవారికి తొలిమాటలు దక్కవు. అట్లే ఆజ్ఞ ఇచ్చుటకు ముందే శ్రోతను నియమింపవలెను. రెండవది, పేజీలో బటను నొక్కిన వార్త లోపలి మూలకము నుండి పై మూలకములకు ప్రాకును గాని, ధ్వని ఘటనలు సాధారణముగా అట్లు పైకి ప్రాకవు. కావున శ్రోతను ఆ ఆడియో మూలకమునకే కట్టవలెను.

ఇక ఘటనల వరుస. ధ్వని చిరునామా దొరికి, బ్రౌజరు దానిని తెచ్చుటకు పూనుకొన్నప్పుడు ‘లోడ్ స్టార్ట్’ అను వార్త వచ్చును. కార్యక్రమపు నిడివి మొదలైన లక్షణములు తెలిసినంతనే ‘లోడెడ్ మెటాడేటా’ వచ్చును. అంతకు ముందు నిడివి ఎంత అని అడిగినచో, సంఖ్య కానిదేదో జవాబుగా వచ్చును. ఆ తొందరపాటు వలననే కొన్ని పేజీలలో నిమిషములుండవలసిన చోట అర్థములేని అక్షరములు కనబడుచుండును. ప్రత్యక్ష ప్రసారమైనచో నిడివి అనంతమని జవాబు వచ్చును. ముగింపు తెలియని ప్రసారమునకు నిడివి గీత గీయరాదు. “ప్రత్యక్ష ప్రసారము” అని వ్రాయుటయే తగును. మొదలుపెట్టుటకు చాలినంత ధ్వని చేరినప్పుడు ‘కెన్ ప్లే’, ఇదే వేగమున వచ్చుచున్నచో చివరివరకు ఆగకుండ సాగునని బ్రౌజరు అంచనా వేసినప్పుడు ‘కెన్ ప్లే త్రూ’ వచ్చును. రెండవది అంచనాయే గాని హామీ కాదు.

ఇప్పుడు అసలైన జంటకు వత్తము: ‘ప్లే’, ‘ప్లేయింగ్’. పేరులో రవంత భేదము. అర్థములో దీపమునకును స్వరమునకును గల భేదము. ‘ప్లే’ అనగా నిలిచియున్న స్థితి తొలగినది, వినిపింపవలెనను సంకల్పము అంగీకరింపబడినది అని మాత్రమే. చేతిలో ధ్వని లేనిచో, ఆ వెనువెంటనే ‘వెయిటింగ్’ అను వార్త వచ్చును. ధ్వని చేరు వరకు నిశ్శబ్దమే. ధ్వని చేరి, నిజముగా నడక మొదలైనప్పుడు వచ్చునది ‘ప్లేయింగ్’. పేజీలు వ్రాయువారిలో పలువురు ‘ప్లే’ వినబడినంతనే “ప్రసారమగుచున్నది” అని వ్రాయుదురు. వారి గదిలో నెట్‌వర్కు వేగముగా నుండుటచే రెండు ఘటనలకును నడుమ కనురెప్పపాటు కూడ ఉండదు. కావున తప్పు వారికి కనబడదు. అది కనబడునది నెట్‌వర్కు బలహీనముగా నున్న చోటనే.

ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన మాట కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన సంగతి ఎరిగిన కుటుంబములకు వాతావరణ వార్త విలువ వేరుగ చెప్పనక్కరలేదు. తీరమున నొక పల్లెలో గాలివాన రాత్రి ఒక ఇంటివారు ఫోను ముందు పెట్టుకొని వార్తలకై చెవియొగ్గినారనుకొందము. తెరపై “ప్రసారమగుచున్నది” అని యున్నది, శబ్దము లేదు. వారేమనుకొందురు? వార్తలకు ఇంకను వేళ కాలేదనుకొందురు. లేదా చెప్పవలసిన ప్రమాదమేమియు లేదనుకొందురు. అదే తెరపై “ధ్వని అందుట లేదు, నెట్‌వర్కు కొఱకు వేచియున్నాము” అని యున్నచో, లేచి పాత ట్రాన్సిస్టరును వెదకుదురు, పొరుగువారిని అడుగుదురు. నిశ్శబ్దము కంటె నిశ్శబ్దమును కప్పిపుచ్చు అక్షరములే ప్రమాదకరములు.

కావున ‘వెయిటింగ్’ వచ్చినప్పుడు పేజీ ఆ సంగతిని ఒప్పుకొనవలెను. మరల ‘ప్లేయింగ్’ వచ్చినప్పుడే ఆ మాట తీసివేయవలెను. ఈ వేచియున్న కాలములో “ఆగియున్నావా?” అని బ్రౌజరును అడిగినచో “లేదు” అనియే చెప్పును. ఎందుకనగా ఎవరును ఆపలేదు. సరకు లేక నిలిచినది. ఆపుట వేరు, ఆగుట వేరు. ‘స్టాల్డ్’ అను మరొక వార్తయు కలదు. బ్రౌజరు ధ్వనిని తెచ్చుటకు యత్నించుచున్నను సుమారు 3 సెకండ్ల పాటు ఏమియు రానప్పుడు దీనిని పంపును. కాని అప్పటికే చేరి నిలువయున్న ధ్వని ఇంకను వినబడుచుండవచ్చును. చెరువుకు నీరు వచ్చుట ఆగినంతనే తూములో నీరు ఆగదు గదా! కావున ‘స్టాల్డ్’ వినగానే నిశ్శబ్దమని ప్రకటింపరాదు. ప్రత్యక్ష ప్రసారములో మరొక చిక్కు కలదు. కొంతసేపు నిలిచి మరల సాగిన ధ్వని, స్టూడియోలో జరుగుచున్న దాని కంటె వెనుకబడి యుండవచ్చును. అట్టి పేజీలో “ఇప్పటి ప్రసారమునకు” అను బటను ఒకటి యుంచుట మంచిది.

ఇక అనుమతి మాట. పేజీ తెరచినంతనే అడుగకుండ ప్రకటనలు అరచు ఆచారము ఒకప్పుడు విరివిగా నుండెడిది. పసిబిడ్డ నిద్రించు ఇంటిలో, రోగి యున్న గదిలో అది ఎంతటి బాధయో చెప్పనక్కరలేదు. 2017లో ఆపిల్ వారి సఫారీ 11, 2018 ఏప్రిలులో గూగుల్ వారి క్రోమ్ 66 దీనికి అడ్డుకట్ట వేసినవి. నాటినుండి సాధారణముగా వినువాడు పేజీని తాకనిదే, బటను నొక్కనిదే శబ్దముతో కూడినది ఏదియు తనంత తాను మొదలుకాదు. శబ్దము తీసివేసిన వీడియోకు మాత్రము సడలింపు కలదు.

దీనిని స్క్రిప్టు ఎట్లు తెలిసికొనును? ‘ప్లే’ ఆజ్ఞ ఇచ్చినప్పుడు బ్రౌజరు బదులుగా నొక ‘ప్రామిస్’ను చేతికిచ్చును, అనగా మాట యిచ్చును. నడక మొదలైనచో ఆ మాట నెరవేరును. అనుమతి లేనిచో ‘నాట్ అలౌడ్ ఎర్రర్’ అను కారణముతో ఆ మాట తిరిగివచ్చును. అప్పుడు స్క్రిప్టు చేయవలసినది మరల మరల ఆజ్ఞాపించుట కాదు. “వినుటకు ఇచట నొక్కుడు” అని మర్యాదగా బటను చూపి ఊరకుండవలెను. పరుల ఇంటి వాకిట నిలిచి పిలుచువాడు, గడియ తీయు వరకు ఆగవలెను గదా! ఇంకొక చిన్న విషయము: నడక మొదలు కాకముందే వినువాడు ‘ఆపు’ బటను నొక్కినచో, ఆ మాట ‘అబార్ట్ ఎర్రర్’ అను కారణముతో తిరిగివచ్చును. అది లోపము కాదు. వినువాని ఇష్టము నెరవేరినదని అర్థము. దానికై ఎర్రని హెచ్చరిక చూపి వినువానిని బెదరింపనక్కరలేదు.

‘పాజ్’ అనగా ఆగుట. దీనికి ఆజ్ఞ ఒక్క చోటి నుండియే రాదు. పేజీలోని బటను కాక, చెవిలో పెట్టుకొను పరికరపు మీట, ఫోను పైతెరలోని మీటలు, మధ్యలో వచ్చిన టెలిఫోను పిలుపు, ఇవియు ధ్వనిని ఆపవచ్చును. బటను నొక్కినప్పుడే దాని పేరు మార్చు పేజీకి ఈ ఇతర హస్తములు తెలియవు. ధ్వని ఆగిపోయినను అక్కడ “ఆపు” అనియే యుండును. వినువాడు నొక్కినచో విపరీతము జరుగును. మంచి పద్ధతి యేమనగా, బటను ఆజ్ఞను మాత్రమే పంపవలెను. దాని పేరు మార్చుట ‘ప్లే’, ‘పాజ్’ ఘటనలు విన్న పిమ్మటనే జరుగవలెను. ఎవరు ఆపినను, ఎవరు మొదలుపెట్టినను పేరు సరిగా నుండును. కన్నులు లేనివారు పేజీని తెర చదువు ఉపకరణము ద్వారా వినుచుందురు. వారికి బటను ఆకృతి కనబడదు. దాని పేరు ఒక్కటే ఆధారము. ఆ పేరు తప్పైనచో వారికి పేజీయే తప్పు.

ధ్వని నడచుచుండగా ‘టైమ్ అప్‌డేట్’ అను వార్త పదే పదే వచ్చుచుండును. ఇది సెకండునకు నాలుగు సారులకు తగ్గకుండ, సుమారు 66 సారులకు మించకుండ రావలెనని ప్రమాణము. ఎన్ని నిమిషములు గడచినదో చూపు గీతను జరుపుటకు ఇది చాలును. గడియారమువలె ఖచ్చితమని నమ్మి, తాళము తప్పకుండ చేయవలసిన పనులను దీనికి అప్పగింపరాదు. ఇది వచ్చిన ప్రతిసారి బరువైన పని పెట్టుకొన్నచో చిన్న ఫోను అలసిపోవును. గడచిన ప్రతి సెకండును తెర చదువు ఉపకరణము చేత పలికించుట అంతకంటె పెద్ద పొరపాటు. పాట వినవలసిన చెవిలో అంకెల లెక్క మ్రోగుచుండును.

కార్యక్రమము చివరికి చేరినప్పుడు ముందు ‘పాజ్’, ఆపై ‘ఎండెడ్’ వచ్చును. కావున ‘పాజ్’ విన్న ప్రతిసారి “వినువాడు ఆపివేసెను” అని వ్రాసికొనరాదు. చివరికి చేరినదేమో విచారింపవలెను. మరల మరల తిరుగునట్లు అమర్చిన పాటకు ‘ఎండెడ్’ రానే రాదు. ఇంకను ముఖ్యమైన సంగతి యొకటి. పాఠములు చెప్పు కొన్ని పేజీలు ‘ఎండెడ్’ వచ్చినంతనే విద్యార్థి పాఠమంతయు విన్నాడని లెక్క కట్టును. గీతను వేలితో చివరికి లాగినను ‘ఎండెడ్’ వచ్చును. శ్రద్ధగా విని చివరి అర నిమిషము వదలిన పిల్లకు సున్న, ఏమియు వినక చివరికి లాగినవానికి పూర్తి మార్కు! ఏయే భాగములు నిజముగా నడచినవో ‘ప్లేయ్డ్’ అను పట్టిక యందు బ్రౌజరు వ్రాసి యుంచును. న్యాయముగా లెక్క కట్టదలచినవారు దానిని చూడవలెను.

చివరిది ‘ఎర్రర్’, అనగా దోషము. దీనికి నాలుగు సంఖ్యలు కలవు. 1 అనగా తెచ్చుట మధ్యలో మానివేయబడినది. 2 అనగా నెట్‌వర్కు తెగినది. 3 అనగా వచ్చిన ధ్వనిని విప్పుట సాధ్యము కాలేదు. 4 అనగా ఆ చిరునామాలో ధ్వని దొరకలేదు, లేదా ఆ రకమును బ్రౌజరు ఎరుగదు. నాలుగింటికిని “ఏదో పొరపాటు జరిగినది” అని ఒకే మాట చెప్పుట వినువానికి సాయపడదు. 2 అయినచో “మరల ప్రయత్నింపుడు” అనవచ్చును. 4 అయినచో ఎన్నిసారులు ప్రయత్నించినను ఫలము లేదు. “ఈ కార్యక్రమము ఇచట లభింపదు” అని చెప్పి పంపుటయే మర్యాద. ధ్వని చిరునామాలను లోపలి ‘సోర్స్’ మూలకములలో వ్రాసినచో, అవి చెల్లని వార్త ఆడియో మూలకము వద్ద గాక ఆ సోర్స్ మూలకముల వద్దనే వినబడునని కూడ గుర్తుంచుకొనవలెను.

ఈ ఘటనలన్నింటిని విన్న పేజీ కూడ చెప్పజాలని మాట ఒకటి కలదు. తన మూలకపు ధ్వని తగ్గినను, మూగబడినను ‘వాల్యూమ్ చేంజ్’ అను వార్త వలన పేజీకి తెలియును. కాని ఫోను ధ్వనినే తగ్గించి యుంచినచో, స్పీకరు చెడినచో, పేజీకి తెలియదు. బ్రౌజరు స్పీకరు వరకు పంపినది. అక్కడనుండి శ్రోత చెవి వరకు గల దూరము దాని అధీనములో లేదు. మా ప్రసారశాలకును అంతే. కాని తెలిసినంత మేరకైనను నిజము చెప్పుట ఇద్దరి విధి.

మీ ఇంట ఈ విద్య నేర్చుచున్న కుమారుడో, కుమార్తెయో ఉన్నయెడల ఒక సాయంకాలము వారిచేత ఈ పరీక్షలు చేయింపుడు. వారు వ్రాసిన పేజీలో పాట మొదలుపెట్టి, నెట్‌వర్కు ఆపివేయుడు. నిలువయున్న ధ్వని అయిపోయినంతనే తెర ఆ సంగతి చెప్పుచున్నదా? పాట నడుమ మరొక ఫోను నుండి పిలువుడు; పిమ్మట బటను పేరు సరిగా ఉన్నదా? చిరునామాలో ఒక అక్షరము మార్చుడు, పేజీ ఏమనుచున్నది? గీతను చివరికి లాగుడు. పాఠము పూర్తియైనదని చాటుచున్నదా? ఆపై కన్నులు మూసికొని, తెర చదువు ఉపకరణము సాయముతో పాటను మొదలుపెట్టి ఆపి చూడుడు. వేగము గల నెట్‌వర్కులో ప్రతి పేజీయు బాగుగనే నడచును. గాలివాన రాత్రి నడుచునా లేదా అనునది ఈ పరీక్షలలో కొంతవరకు తేలును.